కాటాతో కొని కుంచంతో అమ్మే పంట

2024 డిసెంబరులో జైసల్మేర్‌లో సమావేశమైన జీఎస్టీ మండలి పాప్‌కార్న్ పన్నుకు వివరణ ఇచ్చింది. ఉప్పూ కారం కలిపి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్లో పెట్టి లేబుల్ వేస్తే 12, పంచదార పాకం పట్టిస్తే 18. దేశమంతా వారం రోజులు నవ్వుకుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఉప్పూ కారం కలిపినవాటికి విడిగా అమ్మినా ప్యాకెట్లో పెట్టినా 5 శాతమే అయింది కనుక ఆ నవ్వూ ఆగింది. ఇంత చర్చలోనూ గింజ ఎక్కడిదన్న మాట మాత్రం రాలేదు. హైదరాబాద్ మల్టీప్లెక్సులో బకెట్ నిండా పోసిచ్చే పేలాల గింజ చాలాసార్లు అర్జెంటీనా నుంచో అమెరికా నుంచో ఓడెక్కి వచ్చిందే. ఏటా లక్షల ఎకరాల్లో మక్క వేసే రాష్ట్రాలు మనవి. అయినా మన మక్క కోళ్ల ఫారానికీ ఇథనాల్ ఫ్యాక్టరీకీ పోతుంది గానీ సినిమా హాలు గడప తొక్కదు.

పాప్‌కార్న్ మీద బతకొచ్చా అని అడిగేవాళ్లలో ఇప్పుడు అన్ని రకాల వాళ్లూ ఉన్నారు. మామూలు మక్కతో విసిగిన రైతులు, అగ్రికల్చర్ బీఎస్సీ చేసి ఊళ్లోనే ఉండిపోదామనుకునే పిల్లలు, ఐటీ ఉద్యోగం వదిలి స్నాక్స్ బ్రాండ్ పెడదామనే జంటలు, పొదుపు సంఘాల మహిళలు. యూట్యూబులో వీళ్లందరికీ దొరికే జవాబు దాదాపు ఒకటే: ఎకరానికి లక్షలు. అలాంటి వీడియోల్లో గింజ తేమ గురించి ఒక్క మాటైనా వినపడుతుందేమో చూడండి. వినపడకపోతే మిగతాదాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. ఈ పంటలో డబ్బు పొలంలో తక్కువ, బ్రాండులో అందరికీ కనపడేంత, ఆ రెంటికీ మధ్య ఎవరూ పట్టించుకోని చోట అసలైనంత ఉంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

ముందు గింజ సంగతి. మక్కలన్నీ పేలవు. మనం మామూలుగా పండించే డెంట్ రకం గింజ బాణలిలో వేస్తే మాడుతుంది, మహా అయితే చిట్లుతుంది. పాప్‌కార్న్ గింజ చిన్నది. లోపలి పిండి గాజులా గట్టిగా, పైతొక్క ఆవిరిని బయటికి పోనివ్వనంత దిట్టంగా ఉంటాయి. వేడి తగిలేసరికి లోపలి తేమ ఆవిరవుతుంది. తొక్క ఆపగలిగినంత సేపు ఆపి, సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కసారిగా తెగుతుంది. అప్పటికి లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లు. ఒక్కో గింజా ఒక బుల్లి ప్రెషర్ కుక్కరన్నమాట. తొక్క మీద వెంట్రుకవాసి పగులున్నా రబ్బరు పోయిన కుక్కరు గతే, ఆవిరి ముందే జారిపోయి గింజ అడుగున మిగిలిపోతుంది. లోపల నీరు 13.5 నుంచి 14 శాతం మధ్య ఉంటేనే పేలడం బాగుంటుంది. ఒకటి రెండు శాతం అటూ ఇటూ అయినా పువ్వు చిన్నదైపోతుంది.

ఈ విద్య పాతదే. పెరూ ఉత్తర తీరంలో పారెడోనెస్, వాకా ప్రియెటా దిబ్బల్లో దొరికిన కంకుల్ని బట్టి సుమారు 6,700 ఏళ్ల కిందటే అక్కడివాళ్లు మక్కలు పేల్చుకు తిన్నారని తేలింది. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి బెల్లం కలిపి పేలపిండి చేసుకునే మనకూ పేలడం కొత్త కాదు. కొత్తదల్లా లెక్క.

ఆ లెక్క ఇది. హాలువాడు గింజను కాటా వేసి కొంటాడు. పేలాలను మాత్రం కుంచంతో కొలిచినట్టు బకెట్ల లెక్కన అమ్ముతాడు. కొనడం తూకంలో, అమ్మడం పరిమాణంలో. ఈ వ్యాపారం గుట్టంతా ఇక్కడే ఉంది. అందుకే గింజ నాణ్యతను గ్రాముకు ఎన్ని ఘన సెంటీమీటర్ల పేలాలు వస్తాయన్న అంకెతో కొలుస్తారు. దిగుమతి గింజ సాధారణంగా 22.68 కిలోల బస్తాల్లో వస్తుంది, అది 50 పౌండ్ల లెక్క. గ్రాముకు 30 చొప్పున పేలే గింజైతే ఆ బస్తా 680 లీటర్ల పేలాలవుతుంది. 40 చొప్పున పేలితే 907 లీటర్లు. రెండు లీటర్ల బకెట్ లెక్కన చూస్తే మొదటి బస్తాకు 340, రెండోదానికి 453. ఒక్క బస్తా మీద 113 బకెట్ల తేడా వచ్చేటప్పుడు, కిలోకు పది రూపాయలు తగ్గిస్తానంటూ నాసి గింజ తెచ్చిన రైతును కొనుగోలుదారు ఎందుకు లోపలికి రానిస్తాడు? పైగా హాలు బకెట్ ధర గింజతో ముడిపడిందే కాదు, అది సీటుతో ముడిపడింది. బయటి తిండి రానివ్వకుండా ఆపే హక్కు హాళ్లకుందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. గింజ కోసం నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం ఆ వ్యాపారికి కష్టం కాదు. పేలని గింజ వస్తే మాత్రం కష్టం.

పొలానికి వస్తే, ఈ పంట దున్నేదీ నాటేదీ మక్కలాగే. ఎకరానికి అయిదు కిలోల విత్తనం చాలు, గింజ చిన్నది కనుక. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు. 2018లో దేశంలో కనిపించిన కత్తెర పురుగు దీన్నీ వదలదు. మామూలు హైబ్రిడ్ల కంటే కాండం సన్నగా ఉండి గాలివానకు తొందరగా వాలిపోతుంది, దిగుబడీ తక్కువ. ఇక్కడే రైతు కూర్చుని పెన్నూ కాగితం తీయాలి. 2025-26కు మక్క మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. యాసంగిలో మామూలు మక్క ఎకరానికి 30 క్వింటాళ్లు వస్తుందనుకుంటే 72,000. అదే పొలంలో పాప్‌కార్న్ 18 క్వింటాళ్లే వస్తుందనుకుంటే, క్వింటాలుకు 4,000 పలికితే గానీ రెండూ సమానం కావు. ఇథనాల్ ఫ్యాక్టరీల పుణ్యమా అని మామూలు మక్కకు గిరాకీ పెరిగిన కొద్దీ పాప్‌కార్న్ దాటాల్సిన గీత కూడా పైకి జరుగుతూ ఉంటుంది.

దిగుబడి కంటే పెద్ద చిక్కు పుప్పొడి. పక్క చేలో మామూలు మక్క అదే వారంలో పూతకొస్తే, ఆ పుప్పొడి మన కంకి పీచు మీద పడి, ఆ పంటలోనే, ఆ గింజలోనే గుణం మారుస్తుంది. కంకి చూడటానికి బాగానే ఉంటుంది, బాణలిలో వేస్తే గానీ బండారం బయటపడదు. అమెరికా హైబ్రిడ్లలో చాలావాటికి పరాయి పుప్పొడిని తిప్పికొట్టే జన్యువు ఉంటుంది. కొనే విత్తనానికి ఆ గుణం ఉందా లేదా అన్నది డీలరును అడగాల్సిన మొదటి ప్రశ్న. లేకపోతే దూరం పాటించాలి, లేదా రెండు మూడు వారాల తేడాతో విత్తాలి. హైబ్రిడ్ మక్క ధ్రువీకృత విత్తనానికే నిబంధనలు 200 మీటర్ల దూరం అడుగుతాయి. చుట్టూ నాలుగు దిక్కులా మక్కే ఉండే ఊళ్లో ఒక్క రైతు రెండెకరాల్లో పాప్‌కార్న్ వేయడం అందుకే పిచ్చి పని. ఒక పాయ మొత్తం, ఒకే తేదీల్లో, కలిసి వేయాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు నిజంగా పనికొచ్చే సందర్భం ఏదైనా ఉందంటే ఇదే.

కోత తర్వాతే అసలు కథ. మన దగ్గర మక్క ఎండబెట్టే పద్ధతి అందరూ చూసిందే. కంకులు మిషనులో పోసి నూర్పిడి చేయించి, గింజల్ని తారు రోడ్డు మీద పరిచి, కాళ్లతో సాలు తీస్తూ తిప్పి, సాయంత్రానికి పట్టా కప్పుతారు. కోళ్ల దాణాకు అది చాలు. పాప్‌కార్న్‌కు ఆ పద్ధతి అడుగడుగునా నష్టమే. వేగంగా తిరిగే నూర్పిడి మిషను తొక్కను చిట్లగొడుతుంది. మార్చి, ఏప్రిల్ ఎండలో కాలిన తారు గింజను బయటినుంచి గబగబా ఆరబెట్టేసరికి లోపల సన్నని బీటలు పడతాయి. ఇంకో రెండు రోజులు ఉంచితే తేమ పది శాతానికి దిగిపోతుంది. ఆ గింజ బరువూ కోల్పోతుంది, పేలడమూ మానేస్తుంది. 14 శాతం తేమ ఉన్న వంద కిలోలు పది శాతానికి ఎండితే మిగిలేది 95.6 కిలోలు. నాలుగు కిలోలకు పైగా నీరు అమ్ముకోకుండా గాలికి వదిలేసి, దానితో పాటు నాణ్యతనూ వదిలేసినట్టు. వానాకాలం పంటకైతే దీనికి తలకిందులు, అక్టోబరు వానలకు ఎండక బూజు పట్టి అఫ్లాటాక్సిన్ భయం. ధాన్యాల్లో దాని పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు.

మంచి పద్ధతి గొప్ప రహస్యమేమీ కాదు. కంకి చెట్టు మీదే బాగా ఎండనివ్వాలి. గింజలో తేమ 16 నుంచి 18 శాతం మధ్యకు వచ్చాక కోయాలి. కంకుల్ని నీడలో, గాలి ఆడే గాదెలోనో వల సంచుల్లోనో ఉంచి, కొద్దిగా వెచ్చటి గాలితో నిదానంగా 14కు దించాలి. తర్వాత తక్కువ వేగంతో గింజ ఒలవాలి. జల్లెడ, రాళ్లు తీసే మిషను, బరువును బట్టి వేరుచేసే గ్రావిటీ టేబుల్, చివరకు రంగు చూసి ఏరే సార్టెక్స్. ఆ తర్వాత పది గ్రాములకు ఎన్ని గింజలు తూగుతాయో చూసి గ్రేడు కడతారు. 52 నుంచి 67 అయితే పెద్ద గింజ, 75 వరకు మధ్యరకం, అక్కడినుంచి 105 దాకా చిన్నది. హాళ్లు పెద్ద గింజ అడుగుతాయి, ఇళ్లలో వాడే ప్యాకెట్లకు చిన్న గింజా నడుస్తుంది.

దీనికి ప్రయోగశాల లేకపోయినా ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చు. వంద గింజలు లెక్కపెట్టి నూనె వేడెక్కిన మూకుడులో మూతపెట్టి పేల్చండి. పేలనివి పదికి మించితే ఆ సరుకు బయటికి తీసుకెళ్లొద్దు. మరీ ఎండిపోయిందని అనుమానముంటే మూడు కప్పుల గింజకు ఒక పెద్ద చెంచా నీళ్లు చల్లి, గాలి చొరని సీసాలో పోసి, అప్పుడప్పుడూ కుదుపుతూ మూడు రోజులు ఉంచి మళ్లీ పేల్చి చూడండి. తేడా వస్తే తప్పు ఎండబెట్టడంలో ఉంది. రాకపోతే తొక్కలోనో పుప్పొడిలోనో ఉంది, అది ఇక బాగుపడదు.

పొలానికీ బ్రాండుకీ మధ్యనున్న ఈ మెట్టునే పట్టుకుని పైకొచ్చినవాడి జీవితం ఒకటి చూడదగ్గది. ఓర్విల్ రెడెన్‌బాకర్ 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, బ్రెజిల్ అనే చిన్న ఊళ్లో, రైతు కుటుంబంలో పుట్టాడు. 1928లో పర్డ్యూ యూనివర్సిటీలో వ్యవసాయ పట్టా తీసుకున్నాడు. బడిలో వ్యవసాయం బోధించాడు, తర్వాత మన వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) లాంటి కౌంటీ ఏజెంటు ఉద్యోగం చేశాడు. 1940లో ప్రిన్స్‌టన్ ఫార్మ్స్ అనే పెద్ద వ్యవసాయ క్షేత్రానికి మేనేజరై, అక్కడ పాప్‌కార్న్ విత్తనం మీద పడ్డాడు. 1951లో చార్లెస్ బోమన్ అనే స్నేహితుడితో కలిసి వాల్పరైసో దగ్గర ఒక విత్తన కంపెనీ కొన్నాడు. కార్ల్ హార్ట్‌మన్ అనే పెంపకందారుణ్ణి పెట్టుకుని ఏళ్ల తరబడి సంకరాలు చేయిస్తే, 1965కు గానీ అనుకున్న హైబ్రిడ్ రాలేదు. అది దాదాపు 44 రెట్లు ఉబ్బేది. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు.

వచ్చింది కదా అని ఎవరూ కొనలేదు. ధర ఎక్కువని పెద్ద ప్రాసెసర్లు పెదవి విరిచారు. కారు డిక్కీలో సీసాలు పెట్టుకుని ఊరూరా తిరిగాడు. చివరికి షికాగోలోని ఒక ప్రచార సంస్థ డబ్బు తీసుకుని ఇచ్చిన సలహా, సీసా మీద నీ పేరే వేసుకో అని. 1976లో హంట్-వెసన్ అనే ఆహార కంపెనీకి వ్యాపారం అమ్మేశాడు. బో టై కట్టుకున్న ఆ ముసలాయన బొమ్మ 1995లో ఆయన పోయాక కూడా ప్యాకెట్ల మీద నిలిచింది. ఆయన్ని బ్రాండు మనిషిగా చెప్పుకుంటారు గానీ, పేరు వేసుకునే ముందు ఆయన చేసినదంతా విత్తనం, తేమ, గ్రేడింగ్ పనే. మనవాళ్లు చాలామంది రెండో సగాన్నే కాపీ కొడదామని చూస్తారు. ఆలూ లేదు చూలూ లేదు, ఇన్‌స్టాగ్రామ్ పేజీకి పేరు మాత్రం రెడీ.

అమెరికాలో పాప్‌కార్న్ దాదాపు అంతా ముందస్తు ఒప్పందం మీదే పండుతుంది. ఎన్ని ఎకరాలు, ఏ హైబ్రిడ్, ఎంత తేమ దగ్గర తీసుకుంటారు, ధర ఎంత అన్నీ విత్తకముందే కాగితం మీద ఉంటాయి. నెబ్రాస్కా, ఇండియానా రైతు దాన్ని బహిరంగ మార్కెట్‌కు తోలడు, ఎందుకంటే అక్కడ కొనేవాడు ఉండడు. మనకూ అంతే. పాప్‌కార్న్‌కు ప్రత్యేక మద్దతు ధర లేదు. ఒప్పందం లేకుండా వేసి మార్కెట్ యార్డుకు తోలితే, అడ్తీదారు గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని చూసి, చిన్న గింజ అని దాణా రేటు కంటే తగ్గించే అడుగుతాడు. ఆయన తప్పేం లేదు, ఆయన దగ్గర కొనేది కోళ్లఫారం. అగ్రిమెంటు లేనిదే విత్తనం సంచి విప్పొద్దన్నది ఈ పంటకు ఒక్కటే నియమం. అగ్రిమెంటులో కూడా ధర కంటే ముందు, తేమ ఎవరి మీటరుతో కొలుస్తారు, తిప్పి పంపితే రవాణా ఖర్చు ఎవరిది అన్న రెండు వాక్యాలు చూసుకోవాలి. గొడవలు మొదలయ్యేది అక్కడే.

విత్తనానికి మనం విదేశాల మొహం చూడాల్సిన పని లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ మక్క పరిశోధన కేంద్రం నుంచి బీపీసీహెచ్-6 అనే పాప్‌కార్న్ హైబ్రిడ్ వచ్చింది. అంబర్, పెర్ల్ అనే పాత రకాలున్నాయి. ఢిల్లీ పూసా సంస్థ, లూధియానాలోని మక్క పరిశోధన సంస్థ హైబ్రిడ్లు ఇచ్చాయి. విత్తనోత్పత్తి అంటారా, నిజామాబాద్ జిల్లా అంకాపూర్ లాంటి ఊళ్లకు అది వెన్నతో పెట్టిన విద్య. ఆడ సాలు, మగ సాలు, జల్లు తీయడం, ఆర్గనైజరు పద్ధతి, అన్నీ తెలిసినవాళ్లున్న నేల ఇది. పాప్‌కార్న్ విత్తనం పండించడం ఇక్కడి యువతకు గింజ పండించడం కంటే దగ్గరి దారి అని నా అభిప్రాయం. అయితే ఆర్గనైజరు నోటిమాట మీద ఆధారపడే పద్ధతిలో రైతు ఎన్నిసార్లు మునిగాడో కూడా ఆ ఊళ్లకే తెలుసు.

ప్రాసెసింగ్‌లో పెద్దవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఆగ్రో టెక్ ఫుడ్స్ పేరుతో ఆక్ట్ టూ ప్యాకెట్లు అమ్ముతూ వచ్చిన కంపెనీ చిరునామా సికింద్రాబాద్, ఒక ప్లాంటు శంషాబాద్ దాటాక కొత్తూరులో. చాలాకాలం ఆ కంపెనీ అమెరికా కొనాగ్రా చేతిలో ఉండేది. రెడెన్‌బాకర్ బ్రాండు కూడా చివరికి చేరింది ఆ కొనాగ్రా గూటికే. మైక్రోవేవ్ లేని ఇళ్లున్న దేశంలో, పొయ్యి మీద కుక్కరులో వేసుకునే చిన్న ప్యాకెట్ తెచ్చి వాళ్లు ఈ సరుకును కిరాణా కొట్టు దండెం మీద వేలాడదీశారు. పై మెట్టున 2013లో మొదలైన 4700బీసీ లాంటి ఖరీదైన బ్రాండును 2015లో పీవీఆర్ తన చేతిలోకి తీసుకుంది. హాలు యజమానే బ్రాండు యజమాని కాగలిగిన చోట కొత్తవాడికి మిగిలే చోటు జిల్లా కేంద్రాలు, బస్టాండ్లు, బడులు, పెళ్లి భోజనాల స్నాక్ కౌంటర్లు. అది చిన్న చోటేమీ కాదు.

ఆ చోటికి వెళ్లేవాళ్లకు రెండు సాంకేతిక విషయాలు. పేలాల్లో రెండు ఆకారాలు: రెక్కలు విచ్చుకున్న సీతాకోకచిలుక రకం, గుండ్రని పుట్టగొడుగు రకం. మొదటిది నోట్లో కరకరమంటుంది గానీ పాకం కలిపేటప్పుడు ముక్కలవుతుంది. క్యారమెల్ చేయాలంటే రెండోదే, దానికి గింజ రకమే వేరు. ఇక పేలం గాలిలోని తేమను గబుక్కున పీల్చుకుంటుంది. మామూలు పాలిథీన్ కవరులో పెడితే విజయవాడ ఉక్కపోతకు రెండు రోజుల్లో మెత్తబడుతుంది. మెటలైజ్డ్ కవరు, నైట్రోజన్ నింపే మిషను లేకుండా ప్యాకెట్ వ్యాపారం మొదలుపెట్టకపోవడమే మేలు. బండి మీద వేడివేడిగా అమ్మేవాడికి ఈ బెడద లేదు, అందుకే ఆ బండి ఎప్పటికీ పోదు.

వెన్న వాసన గురించి ఒక హెచ్చరిక. 2000లో అమెరికా మిస్సోరీ రాష్ట్రంలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు మూసుకుపోయే అరుదైన జబ్బు బయటపడింది. కారణం వెన్న వాసన కోసం వాడే డైఅసిటైల్ ఆవిరి అని ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది. దెబ్బతిన్నది తినేవాళ్లు కాదు, వేడి తొట్లలో ఆ ద్రవం కలిపినవాళ్లు. ఒక్క గదిలో నలుగురు మహిళలతో యూనిట్ నడిపేవాళ్లు ఫ్లేవర్ డబ్బా మీద ఏం రాసుందో చదవాలి, మూసిన గదిలో వేడి చేయొద్దు, పొగ బయటికి లాగే ఫ్యాను మీద పిసినారితనం చూపొద్దు.

చదువు కోసం బాపట్లలో ఫుడ్ సైన్స్ కాలేజీ, మైసూరులో సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరులో నిఫ్టెమ్ ఉన్నాయి. పట్టా తీసుకున్నవాళ్లకు కంపెనీల్లో క్వాలిటీ, కొనుగోలు విభాగాల ఉద్యోగాలు ఉంటాయి. గింజను చేత్తో పట్టి చూసి తేమ చెప్పగల కొనుగోలు ఆఫీసరుకు ఉన్న విలువ ఇంకెవరికీ ఉండదు. డబ్బు కోసం 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పథకం, పీఎంఎఫ్‌ఎంఈ, ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయలు సబ్సిడీ ఇచ్చేలా పెట్టారు. ఆ డబ్బుతో చాలామంది ముందు కొనేది పాప్‌కార్న్ మిషను, ఎందుకంటే అది ఫొటోలో బాగుంటుంది. నన్నడిగితే ముందు కొనాల్సింది నాణ్యమైన తేమ మీటరు, తర్వాత చిన్న డ్రైయరు, ఆ తర్వాత గ్రావిటీ టేబుల్. ఈ మూడూ ఉన్నవాడు తను పండించకపోయినా, పేల్చకపోయినా, యాభై మంది రైతుల దగ్గర కొని నలుగురు బ్రాండువాళ్లకు గ్రేడు కట్టి అమ్మగలడు. తెలుగు నేల మీద ఇంతవరకు అరుదుగా కనపడే మనిషి అతనే. పాప్‌కార్న్ సీజను కాని రోజుల్లో ఆ డ్రైయరులో పసుపు, మిర్చి విత్తనం, పప్పుశనగ ఆరబెట్టుకోవచ్చు కనుక బ్యాంకు మేనేజరుకు చూపించే లెక్క కూడా అతనికే సుళువుగా కుదురుతుంది.